నీటికి నిధి అడిగే ముందు

అడగటం మా విశాఖ ప్రాంతానికి కొత్త విద్య కాదు. ఉక్కు కర్మాగారం కావాలని 1966లో రోడ్డెక్కిన జిల్లా ఇది. ఆ కర్మాగారాన్ని ప్రైవేటుకు అప్పగించొద్దంటూ 2021 ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం నడిపిన కార్మికులు, నిర్వాసితులు మన ఇరుగుపొరుగువాళ్లే. గట్టిగా అడిగితే తప్ప ఏదీ రాదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటివాళ్లు కూడా ఒక చెరువునో గెడ్డనో ఆవనో కాపాడుకుందామని కూర్చున్నప్పుడు మొదటి అడుగులోనే దారి తప్పుతున్నారు. ఢిల్లీలో ఉన్న పర్యావరణ మంత్రికి ఒక వినతిపత్రం రాస్తారు. దాని కింద పేజీల కొద్దీ సంతకాలు పెడతారు. ఏడాది గడిచినా జవాబు రాదు. ప్రభుత్వానికి పట్టదని తేల్చుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు.

ఆ ఉత్తరంలో తప్పేమీ లేదు. అది నేరుగా డబ్బిచ్చే దారి లేని చోటికి వెళ్లింది, అంతే. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే: చిత్తడి నేలల పెద్ద పథకాల్లో నిధి అడిగే అధికారం కాలనీ సంఘానికో స్వచ్ఛంద సంస్థకో ఉండదు, రాష్ట్ర ప్రభుత్వానికి ఉంటుంది. అడగాల్సిన అధికారి అడగక తప్పని స్థితిని తీసుకురావటం మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది. ఈ తేడా గ్రహించినవాళ్ల శ్రమ వృథా కాదు.

కేంద్రంలో ఈ పనికి ప్రధానమైన పథకం జాతీయ జలావరణ వ్యవస్థల సంరక్షణ ప్రణాళిక. అంతకుముందు సరస్సులకొక పథకం, చిత్తడి నేలలకొక పథకం విడివిడిగా ఉండేవి. 2013లో రెంటినీ కలిపి దీన్ని తెచ్చారు. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, మన లాంటి రాష్ట్రాల వాటా 40 శాతం. ప్రతిపాదన రాష్ట్రం నుంచే వెళ్లాలి, దానితో పాటు ఆ నీటికి సమగ్ర నిర్వహణ ప్రణాళిక ఉండాలి. అంటే రాష్ట్రం తన 40 శాతం పెట్టడానికి సిద్ధపడితేనే ఢిల్లీలో ఫైలు కదులుతుంది. కాబట్టి మీరు ఒప్పించాల్సిన వాళ్లు జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో, కలెక్టరేట్‌లో, రాష్ట్ర చిత్తడి నేలల ప్రాధికార సంస్థలో ఉన్నారు. ఢిల్లీ తరువాతి మాట.

ఇక్కడే చాలామంది పట్టించుకోని ఒక మెలిక ఉంది. నీళ్లున్న ప్రతి చోటూ చట్టం దృష్టిలో చిత్తడి నేల కాదు. 2017 సెప్టెంబరులో వచ్చిన చిత్తడి నేలల సంరక్షణ, నిర్వహణ నిబంధనలు నదీ ప్రవాహాలను, వరి పొలాలను పక్కన పెట్టాయి. తాగునీటి కోసం, సాగునీటి కోసం, చేపలు రొయ్యల పెంపకం కోసం, ఉప్పు తయారీ కోసం, వినోదం కోసం మనుషులు ప్రత్యేకంగా కట్టుకున్న జలాశయాలనూ మినహాయించాయి. మన నగరానికి తాగునీరిచ్చే మేఘాద్రిగెడ్డ జలాశయం మీద చలికాలంలో ఎన్ని పిట్టలు వాలినా ఈ నిబంధనల కింద దాన్ని చిత్తడి నేలగా ప్రకటించమని అడిగితే ఫైలు వెనక్కి వస్తుంది. ఆయకట్టు కోసం తవ్విన ఊరి చెరువుదీ అదే సంగతి. వాటికి వేరే తలుపులున్నాయి, వాటి దగ్గరికి తరువాత వస్తాను. ముందు మీ నీరు ఏ కోవలోదో తేల్చుకోండి. అది తేలకుండా రాసిన దరఖాస్తు ఎంత బాగా రాసినా నిలబడదు.

మనకు దగ్గరలో ఈ నిబంధనలకు చక్కగా అమరే నీరు కొండకర్ల ఆవ. కూర్మన్నపాలెం నుంచి అచ్యుతాపురం దారి పట్టి వెళితే అనకాపల్లి జిల్లాలో, అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య ఉంది. సహజంగా ఏర్పడిన మంచినీటి సరస్సు. రాష్ట్రంలో కొల్లేరు తరువాత పెద్దది ఇదేనంటారు. తామరాకులు పరుచుకున్న నీటి మీద రెండు తాటి బొందెలు తొలిచి జోడించి కట్టిన దోనెల్లో జాలర్లు తిరుగుతారు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. ఒకపక్క ప్రత్యేక ఆర్థిక మండలి, ఫ్యాక్టరీలు, వాటి వెంట వచ్చిన లేఅవుట్లు పెరుగుతున్న మండలాల్లో ఇంకా ఇలాంటి నీరు మిగిలి ఉండటం మన అదృష్టం. దీన్నే ఉదాహరణగా పెట్టుకుని పని ఎలా నడవాలో చూద్దాం.

మొదటిది భూమి కాగితం. పక్షుల ఫొటోలు తరువాత, ముందు సర్వే నంబర్లు. ఆవ ఏయే రెవెన్యూ గ్రామాల్లో ఉంది, ఏ నంబరు ప్రభుత్వ పోరంబోకు, ఏది పట్టా, ఏది డి-పట్టా, నీరు నిండినప్పుడు ఎవరి భూమి దాకా వస్తుంది, వేసవిలో ఎక్కడికి తగ్గుతుంది అన్నవి పటం మీద గీయగలగాలి. అడంగల్, క్షేత్ర కొలతల పటం, పాత రీసర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు నకళ్లు తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి. రెవెన్యూ పటాన్నీ ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెడితే ఎక్కడ పూడ్చారో, ఎక్కడ గట్టు జరిగిందో మీరు మాటల్లో చెప్పే అవసరమే ఉండదు.

ఈ కాగితానికి ఎంత బలం ఉందో ఉత్తరాంధ్ర రక్తం చూసి నేర్చుకుంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో వరి పండేది, చేపలు దొరికేవి, పశువులు మేసేవి, చుట్టూ ఊళ్లకు ఆ తడే ఆధారం. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం తయారైన కాగితాల్లో మాత్రం అది పనికిరాని బీడు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. బీల చిత్తడి నేల అన్న సంగతి రికార్డులో ముందే స్పష్టంగా ఉండి ఉంటే ఆ కుటుంబాలకు ఆ రోజు వచ్చేది కాదని నా నమ్మకం. నిధులు అడగటానికే కాదు, నీరు ఉందని ఒప్పించడానికి కూడా రికార్డు కావాలి. అందుకే దీని మీద ఇంత సేపు ఆగాను.

భూమి తరువాత నీటి సంగతి. ఎక్కడి నుంచి వస్తుంది, ఎటు పోతుంది, ఏ మురుగు కలుస్తోంది, గుర్రపుడెక్క ఎంత మేర అల్లుకుంది అన్నవి నెలనెలా ఒకే చోట నిలబడి రాసుకుంటే ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఉన్న వివరం ఏ శాఖ దగ్గరా ఉండదు. పక్షుల లెక్కకు ఒక మంచి వేదిక సిద్ధంగా ఉంది. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతోంది, ఔత్సాహికులు ఎవరైనా పాల్గొనవచ్చు. ఒక్క ఏడాది లెక్క ముచ్చట, మూడు నాలుగేళ్ల లెక్క సాక్ష్యం. నీటి నాణ్యత పరీక్షలకు, జీవజాతుల గుర్తింపుకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జంతుశాస్త్ర, పర్యావరణ శాస్త్ర విభాగాలున్నాయి. పరిశోధక విద్యార్థులకు క్షేత్రం కావాలి, మీకు శాస్త్రం కావాలి. ఇద్దరి అవసరమూ కలిసే చోటు అది.

మూడోది ఆ నీటి మీద బతికేవాళ్లు. దరఖాస్తులు రాసే చదువరులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఈ భాగాన్నే. ఈ విషయంలో నేను ఏ మాత్రం రాజీపడను: జాలర్ల సంఘం, నీటి సంఘం, గట్టు మీద పశువులు మేపుకునేవాళ్లు కూర్చోని సమావేశంలో తయారైన ప్రతిపాదన పంపకూడదు. కొల్లేరును చూడండి. 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు కూల్చారు. ఇన్నేళ్ల తరువాత కూడా సరిహద్దు ఎక్కడ, పరిహారం ఎవరికి అన్న గొడవ ఆ లంక గ్రామాల్లో ఆరలేదు. అంతర్జాతీయ గుర్తింపు, చట్టం, యంత్రాంగం అన్నీ ఉన్నచోటే ఇలా జరిగింది. జీవనోపాధి లెక్క తేలకుండా ప్రకటనలు వస్తే నీరు, మనిషి ఇద్దరూ నష్టపోతారు. 2017 నిబంధనలు కూడా, చిత్తడి నేలగా ప్రకటించడానికి ముందు తయారుచేసే సంక్షిప్త పత్రంలో అప్పటికే ఉన్న హక్కులను నమోదు చేయమని చెబుతున్నాయి. కొండకర్లలో ఎన్ని దోనెలు తిరుగుతాయి, ఏ నెలల్లో వల వేస్తారు, తామరపూలు ఎవరు కోసుకుంటారు అన్నది ఆ ఊళ్లవాళ్ల నోటితోనే రాయించండి. వాళ్ల సంతకం ఉన్న పేజీ మీ ప్రతిపాదనలో అన్నిటికంటే విలువైన పేజీ.

ఇప్పుడు ఉత్తరం. మన అర్జీల్లో అలవాటుగా దొర్లే వాక్యం ఒకటుంది: "మా ప్రాంత ప్రజల చిరకాల వాంఛ అయిన సరస్సు అభివృద్ధికి తమరు దయతో నిధులు మంజూరు చేయవలసిందిగా కోరుచున్నాము." ఇది చదివిన అధికారి దీని మీద ఏం చేయగలడు? ఏ సరస్సు, ఏ పథకం, ఎంత, ఎవరు చేస్తారు, ఏమీ లేదు. దాన్ని ఇలా రాసి చూడండి: "కొండకర్ల ఆవ పరిధిలోని సర్వే నంబర్ల జాబితా, గరిష్ఠ నీటి మట్టపు గుర్తులతో పటం, గత మూడు జనవరుల పక్షుల లెక్క, జాలర్ల సంఘం తీర్మానం జత చేశాం. వీటి ఆధారంగా 2017 నిబంధనల కింద సంక్షిప్త పత్రం తయారుచేయించి రాష్ట్ర ప్రాధికార సంస్థకు పంపమని కోరుతున్నాం. క్షేత్ర పరిశీలనకు మా సభ్యులు వెంట వస్తారు." ఇందులో డబ్బు మాటే లేదు, గమనించారా? అయినా నిధికి దగ్గర చేసేది ఇదే. ఆ అధికారి చేయాల్సిన పనిలో సగం మీరు చేసిపెట్టారు, మిగతా సగం ఏమిటో చెప్పారు. ప్రాధికార సంస్థ సిఫారసు చేశాక 240 రోజుల్లో తుది ప్రకటన రావాలని నిబంధన ఉంది. ఆ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకుని సోమవారం సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మర్యాదగా గుర్తు చేస్తూ ఉండండి.

నిర్వహణ ప్రణాళికలో ఏం అడగాలన్నది మరో పెద్ద విషయం. సరస్సు అభివృద్ధి అనగానే మన కళ్లముందు సిమెంటు కాలిబాట, రాతి కట్టుబడి, ఫౌంటెన్లు, సెల్ఫీ పాయింటు మెదులుతాయి. గట్టును రాయితో కట్టేస్తే ఒడ్డున ఉండాల్సిన తుంగ, రెల్లు పోతాయి. అవి పోతే గూడు కట్టే పక్షి పోతుంది, గుడ్లు పెట్టే చేప పోతుంది. పైగా సగటు గరిష్ఠ నీటి మట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవ రేవులు తప్ప శాశ్వత నిర్మాణాలు కూడదని 2017 నిబంధనలే చెబుతున్నాయి. చిత్తడి నేలల నిధితో చిత్తడి నేలను చంపుకోవటం నేను ఒప్పుకోలేను. కాలువల పూడికతీత, మురుగు మళ్లింపు, కలుపు తొలగింపు, సరిహద్దు రాళ్లు, నీటి పరిశీలన, జాలర్లకు తోడ్పాటు అడగండి. ప్రతి పనికీ ఘనపు మీటర్లలోనో ఎకరాల్లోనో పరిమాణం, ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక ప్రకారం రేటు ఉండాలి. ఉక్కునగరంలో పని చేసి రిటైరైన సివిల్ ఇంజినీర్లు కూర్మన్నపాలెం చుట్టుపక్కల వీధి వీధినా ఉన్నారు. అంచనాలు వేయటం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య, అడిగితే కాదనరు.

సహజ సరస్సు కాని నీటికి ఉన్న తలుపులు ఇప్పుడు చూద్దాం. కూర్మన్నపాలెం, వడ్లపూడి, అగనంపూడి మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నాయి కాబట్టి ఇక్కడి చెరువుకు దారి నగరపాలక సంస్థే. 2021 అక్టోబరు 1న మొదలైన అమృత్ 2.0లో జలవనరుల పునరుద్ధరణ కూడా ఒక భాగం. పది లక్షల జనాభా దాటిన నగరాలకు అందులో కేంద్రం ఇచ్చేది పాతిక శాతమే, మిగతాది రాష్ట్రం, నగరం భరించాలి. అందుకే నగర జల కార్యాచరణ ప్రణాళికలో మీ చెరువు పేరు ఎక్కిందో లేదో చూసుకోవటం మొదటి పని. పరవాడ, అచ్యుతాపురం వైపు పల్లెల్లో అయితే గ్రామసభ తీర్మానంతో ఉపాధి పనుల కింద పూడిక తీయించుకోవచ్చు. మడ అడవులున్న తీరాలకు 2023 జూన్ 5న మొదలైన మిష్టి పథకం ఉంది, మన వైపు కంటే కోరింగ వైపు వాళ్లకు అది ఎక్కువ పనికొస్తుంది. పథకాల పేర్లు మారతాయి, గడువులు ముగుస్తాయి. రాసే రోజున ఏది నడుస్తోందో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. మీ రికార్డు సిద్ధంగా ఉంటే ఏ పథకానికైనా అదే సరిపోతుంది.

చేతికి నేరుగా డబ్బు వచ్చే దారులు చిన్నవి, అయినా ఉన్నాయి. ఈ పారిశ్రామిక నగరంలో అన్నిటికంటే దగ్గరిది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం అర్హత ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. పర్యావరణ సమతుల్యత ఆ జాబితాలో ఉంది, తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. లాభం మీద లెక్క కాబట్టి ఏ కంపెనీ లాభాల్లో ఉందో వార్షిక నివేదిక చూసి వెళ్లండి.

ఏ డబ్బు తీసుకోవాలన్నా ముందు మీ సంఘానికి చట్టపరమైన రూపం ఉండాలి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో నమోదు కావచ్చు. తరువాత పాన్, బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య, ఆదాయపు పన్ను మినహాయింపు, విరాళాల మినహాయింపు నమోదులు. కంపెనీల నిధికైతే సీఎస్‌ఆర్-1 పత్రం కూడా. మూడేళ్ల ఆడిట్ లెక్కలు చాలాచోట్ల అడుగుతారు కాబట్టి, డబ్బు లేకపోయినా ఈ ఏడాది నుంచే ఆడిట్ చేయించటం మొదలుపెట్టండి.

గ్రాంటు వచ్చాక జాగ్రత్త రెట్టింపు కావాలి. 2017 సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. ఖాతాలో ఆ సొమ్ము మీద వచ్చిన వడ్డీ కూడా ప్రభుత్వానిదే. కూలీల మస్టరు, బిల్లులు, పని ముందూ తరువాతా ఒకే చోటి నుంచి తీసిన ఫొటోలు విడి ఫైలులో ఉంచండి. ఒక్క పత్రం ఆగితే తరువాతి విడత ఆగుతుంది. విడత ఆగితే గుర్రపుడెక్క ఒక్క వానాకాలంలో మళ్లీ నీటిని కప్పేస్తుంది.

డబ్బు ఆలస్యమైనా మీకొక హోదా దొరికే దారి ఉంది. కేంద్రం చిత్తడి నేలల కార్యక్రమంలో వెట్‌ల్యాండ్ మిత్ర పేరిట స్థానిక స్వచ్ఛంద బృందాలకు చోటిచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీలోనో నగరంలోనో ఆ రిజిస్టరులో మీ నీటికి ఒక పేజీ ఉందేమో అడగండి, లేకపోతే మీరే రాసి ఇవ్వండి. 2025 జనవరిలో ఇండోర్, ఉదయ్‌పూర్ దేశంలోనే మొదటిసారి రామ్‌సర్ చిత్తడి నేలల నగరాలుగా గుర్తింపు పొందాయి. ఓడరేవు, ఉక్కు, ఆవలు, గెడ్డలు, సముద్రం అన్నీ ఉన్న మన ప్రాంతానికి ఆ గుర్తింపు అందని పండేమీ కాదు.

ఈ పుస్తకం పక్కన పెట్టాక, ఈ వారంలో ఒక్క పని చేయండి. మీకు దగ్గరలో ఉన్న నీటి వనరు ఒకటి ఎంచుకుని, దాని సర్వే నంబరు కనుక్కుని, గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడంగల్ నకలుకు దరఖాస్తు పెట్టండి. రసీదు తీసుకోవటం మరిచిపోకండి.